తల కొరమీనుదే

రిపోర్టు ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు వచ్చింది. తొమ్మిదింబావుకల్లా సీఐ విజయ్ దాన్ని మూడు కాపీలు తీయించాడు. పన్నెండేళ్ల సర్వీసులో ఆయన అంత చురుగ్గా పని చేసిన రోజు ఇంకొకటి ఉందని నేననుకోను.

"సాంపిల్ నంబర్ ఒకటి, కొరమీను. నూటికి తొంభై తొమ్మిది పాళ్లు కొరమీనే," అని స్టేషనంతా వినబడేలా చదివి, కాగితం నా ముందు పడేశాడు. "డీఎన్ఏ పరీక్ష గావాలని పట్టువట్టింది మీరే గద ఉమారాణి గారూ. చేప మంచిదే. మరి ముసలామెను చంపింది ఎవరు? వండిన కోడలే గద."

నేను జిల్లా క్రైం విభాగంలో ఇన్‌స్పెక్టర్ని. ఈ కేసు చూడమని నన్ను పైవాళ్లు పంపారు. ఆ క్షణం నుంచే విజయ్‌కు నేను కంట్లో నలుసునయ్యాను.

కేసు చిన్నదే. పోయిన శుక్రవారం ఇటిక్యాలకు నాలుగు కిలోమీటర్ల అవతల ఒక ఇంట్లో మధ్యాహ్నం ఒకటిన్నరకు చేపల పులుసుతో అన్నం తిన్నారు. రెండుంబావుకు బాలమ్మ నాలుక మొద్దుబారిందన్నది. మూడింటికి నిలబడలేకపోయింది. నాలుగున్నరకు చచ్చిపోయింది. ఆమె కొడుకు ఇమ్మానుయేల్‌కు కాళ్లూ చేతులూ పడిపోయి, ఊపిరి ఆగబోతుంటే గద్వాలలో ఒక ప్రైవేటు దవాఖానకు ఎత్తుకెళ్లారు. అక్కడ ఉన్నది ఒకటే గాలి మిషను. అదృష్టం కొద్దీ అది ఆ రోజు ఖాళీగా ఉంది. మధ్యలో నెమ్ము కూడా చేసి, నాలుగు రోజులు ఆ మిషను మీదే బతికి, మొన్న మంగళవారం సాయంత్రం దాని మీంచి దిగాడు. గొంతు ఇంకా పెగల్లేదు.

కోడలు రాధమ్మకు మాత్రం ఏమీ కాలేదు. ఆమె ఆ పులుసు నోట పెట్టలేదు. పైగా రెండు రోజుల ముందే పత్తిచేనుకు పురుగుల మందు కొన్నది. విజయ్‌కు ఇంకేం కావాలి? నిన్న సాయంత్రం అరెస్టు చేశాడు. ఇవాళ నాలుగు గంటలకు మెజిస్ట్రేటు ముందు పెడతాడు. ఆ తర్వాత ఆమె జైలుకు పోతుంది. శరీర భాగాల రిపోర్టు రావడానికి నెలలు పడుతుంది. అన్ని నెలలూ ఆమె లోపలే ఉండాలి.

నాకు నచ్చని సంగతి ఒకటుంది. పురుగుల మందు తాగినవాళ్ల నోట్లోంచి నురగ వస్తుంది, వాసన వస్తుంది. డాక్టరు రాసిన కాగితంలో నురగా లేదు, వాసనా లేదు. అందుకే చేపను పరీక్షించమన్నాను. ఆ చేప కాస్తా ఇప్పుడు నా నెత్తికే తగిలింది.

"సాంపిల్ రెండు సంగతేంది?" అన్నాను.

"వండిన పులుసా? ఫెయిలు. చదువరాలేదట. పచ్చి చేప చెప్పింది చాలదా మీకు?"

హైదరాబాద్‌లోని ల్యాబుకు ఫోన్ చేశాను. పద్మజ అనే సైంటిస్టు ఈ పరీక్ష చూస్తోంది. ఓపికగల మనిషి.

"ఫెయిలు కాలేదు మేడం. ప్రతి జీవికీ ఇంటిపేరు లాంటి డీఎన్ఏ ముక్క ఒకటి ఉంటుంది, దాన్ని చదివి జాతి చెబుతాం. మీ పులుసులో చింతపండు, ఉడుకు కలిసి ఆ ముక్కను తుక్కుతుక్కు చేశాయి. చిన్న చిన్న తునకలు ఏరి మళ్లీ చదువుతున్నా. మధ్యాహ్నం వరకు టైమివ్వండి."

మధ్యాహ్నం వరకు చేతులు ముడుచుకుని కూర్చోలేక రాధమ్మ దగ్గరికి పోయాను.

లాకప్పు పక్క గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. నలభై ఏళ్లుంటాయి. పదేళ్లు పుణెలో మట్టి మోసిన చేతులు. నేను వెళ్లగానే లేచి నిలబడింది.

"కూసో రాధమ్మా. ఆ దినం నువ్వెందుకు తినలే?"

"శుక్రవారం గద మేడం. ఉపాస ప్రార్థన. పొద్దుగూకే దాకా ఏం ముట్టను. అందరికి తెల్సు."

"సీఐ సారుకు చెప్పినవా?"

"చెప్పిన. దేవుని పేరు చెప్పి తప్పించుకుంటున్నవా అన్నడు."

విజయ్ ఆ మాట అనే ఉంటాడు.

"ఆ చేప కొన్న కాడికెల్లి చెప్పు. ఏం ఇడ్వకు."

"అత్తకు తుంటి ఆపరేషన్ అయింది. కొర్రమీను తింటె పుండు తొందర మానుతదని చౌరస్తల దశరథం తాన తెచ్చిన. నా కండ్ల ముందలనే తొట్టిలకెల్లి బతికిన చేప తీసిండు. ఎగిరెగిరి పడ్తుంటె తల మీద కట్టెతోని కొట్టిండు. ఎనక పట్టా చాటుకు వంపిండు. ఆడ చేపలు కోసే వనజమ్మ తోలు దీసి ముక్కలు గొట్టి తెచ్చింది."

"కోసేది నువ్వు చూసినవా?"

"ఆడ నీళ్లు, రక్తం... మేమెవ్వరం పోము."

"మరి కవర్ల వచ్చింది నీ చేపే అని నీకెట్ల తెలుసు?"

ఆమె నన్ను వింతగా చూసింది. ఇంత పెద్ద ఆఫీసరుకు ఈమాత్రం తెలియదా అన్నట్టుంది ఆ చూపు.

"తల ఉండె గద మేడం. తల ఇయ్యకుంటె ఎవలు కొంటరు?"

గోపాల్‌పేటలో మా అమ్మ కూడా అంతే. చేపలామె ఎన్ని ఒట్లు పెట్టుకున్నా వినదు. కవరు విప్పి తల చూశాకే ఇంట్లోకి రానిస్తుంది.

"ఆ తల ఏం జేసినవు?"

"తెల్లారి తలకాయ పులుసు జేద్దామని ఫ్రిజ్‌ల పెట్టిన. పోలీసాయన వచ్చి అదే తీస్కపోయిండు."

బయటికొచ్చి పంచనామా కాగితం తీశాను. కానిస్టేబుల్ గుండ్రటి చేతివ్రాతతో రాశాడు: "పచ్చి చేప, ఒకటి." తల అని లేదు. అతని మీద కోపం వచ్చినా ఏమనగలను? ఈ ప్రాంతంలో తల ఉంటే చేప ఉన్నట్టే లెక్క. కింద నా సంతకం కూడా ఉంది. నేనూ ఈ ఊళ్ల మనిషినే, చదివి సంతకం పెట్టాను. డీఎన్ఏ పరీక్ష అబద్ధం చెప్పలేదు. మేం తల ఇచ్చాం, తల ఎవరిదో చెప్పింది.

వెనక్కి వచ్చి అడిగాను. "రాధమ్మా, తింటున్నప్పుడు మీ అత్త ఏమన్న అన్నదా?"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ముల్లే లేదు బిడ్డా, ఎంత మంచి చేప తెచ్చినవు అన్నది. ఎన్నడు మెచ్చుకోని మనిషి మేడం. ఆ ఒక్క దినమే మెచ్చుకున్నది."

"కంచాలల్ల మిగిలింది ఏడ పారేసినవు?"

"ఇంటెనక పెంటకుప్పల. కుక్కలు రాకుంట పొయిల బూడిద కప్పిన."

పదకొండున్నరకు వాళ్ల ఇంటి వెనక మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా లాభం లేకపోయింది. చేప వాసన అక్కడి గాలినిండా పట్టి ఉంది. ఆరు రోజుల నాటి కుళ్లు కదా అనుకుని తవ్వుతూ పోయాను. ఆ వాసన అంత తాజాగా ఎందుకుందని ఒక్క నిమిషం ఆగి ఆలోచించి ఉంటే బాగుండేది. ఆగలేదు.

బూడిద కింద వెన్నెముక తునకలు ఐదు దొరికాయి. లావుగా, పొట్టిగా ఉన్నాయి. కొరమీనుకు ముళ్లు తక్కువే, అందుకే దానికంత గిరాకీ. కానీ పొట్ట పక్కన వంగిన ముళ్లు ఉంటాయి, చిన్నప్పుడు అమ్మ ఒక్కొక్కటే తీసి కంచం అంచున పెట్టేది. ఈ తునకలకు పక్కటెముకలు విరిగిన గుర్తు కూడా లేదు. అసలు పుట్టుకతోనే లేవు.

తునకలు కవర్లో వేసి లేస్తుంటే వంటగది వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది. పందొమ్మిదేళ్లుంటాయి. చేతిలో మూత బిగించిన స్టీలు క్యారియర్. రాధమ్మ కూతురు రజిత. శుక్రవారం మధ్యాహ్నం కాలేజీలో ఉంది. అప్పటినుంచి ఆరు రోజులుగా తండ్రి దగ్గరే ఉండి, ఇవాళ పది గంటల బస్సుకు వచ్చిందట.

"నాయినకు చారు కాసిన మేడం. ఇయ్యాలటి సంది నోటితోని తినొచ్చన్నరు డాక్టరు సారు," అంది. ఆరు రోజుల్లో ఆ ఇంట్లో ఎవరూ నవ్వి ఉండరు. ఆ పిల్ల ముఖంలో మాత్రం నవ్వులాంటిది కనబడింది. వెంటనే అది పోయింది. "మా అమ్మను ఇడుస్తరా మేడం?"

"నాలుగు గంటల లోపల ఇడిపిస్త. మాటిస్తున్న."

"ఆటో దొరుకుతలేదు. పన్నెండున్నరకు తినవెట్టాలె..."

నా డ్రైవరు ఏసురత్నాన్ని పిలిచాను. "బిడ్డను గద్వాల దవాఖానల దించి రా. జర తొందరగ." క్యారియర్ వేడిగా ఉంటే ఆ పిల్ల చున్నీ కొసతో పట్టుకుంది. నేనే అందుకుని జీపు సీటు మీద ఒలకకుండా పెట్టాను. ఒక మంచి పని చేశానని నాకు సంతోషం కూడా కలిగింది. అది తలచుకుంటే ఇప్పటికీ నామీద నాకు అసహ్యం వేస్తుంది.

జీపు పోయిన పావుగంటకు విజయ్ తన బండిలో దిగాడు.

"పెంటకుప్పలు తవ్వుతుండ్రా మేడం? మున్సిపాలిటీకి ట్రాన్స్‌ఫర్ అడగరాదూ?"

"విజయ్ గారూ, మీరు ల్యాబుకు పంపిన పచ్చి చేప బరువెంత?"

"నాకేం తెల్సు? చేప చేపనే."

"అది చేప గాదు. తల. తల ఒక చేపది, ముక్కలు ఇంకో చేపవి. ఇగో, వెన్నుబొక్కలు చూడండి. పక్క ముల్లు ఒక్కటన్న ఉందా?"

ఆయన కవరును వెలుగుకు పట్టి చూశాడు. ముఖం కాస్త మారింది, కానీ మాట మారలేదు. "బొక్కలు జూసి మెజిస్ట్రేటు ఇడుస్తడా? నాలుగింటికి ఆమెను కోర్టుల వెడ్త. మీరు ఎముకల దండ గుచ్చుకుంటరో ఏం జేస్కుంటరో మీ ఇష్టం."

"ఇంక నాలుగు గంటల టైముంది. ఒక్క గంట నాతో రాండి. నా లెక్క తప్పయితే మీ ముందలే తప్పయిందని రాసిస్త."

ఆ ఆశ చూపాకే ఆయన బండి తలుపు తీశాడు.

చౌరస్తాలో "నిరోష లైవ్ ఫిష్" దగ్గర దిగేసరికి పన్నెండున్నర. నల్ల తొట్టిలో బతికిన కొరమీన్లు మెసులుతున్నాయి. తొట్టి పైన తాడుకు ప్లాస్టిక్ కవర్లో ఒక కాగితం వేలాడుతోంది. దగ్గరికి పోయి చూస్తే అది మా ల్యాబు రిపోర్టు. సాంపిల్ నంబర్ ఒకటి, కొరమీను. కింద ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాశారు: "పోలీసు పరీక్షలో నెగ్గిన చేప."

"ఇది ఈడికెట్ల వచ్చింది?" అని విజయ్‌ను అడిగాను.

"నేనే ఇచ్చిన. ఊరంత వాని చేపల విషముందని గత్తర లేపిండ్రు. ఆరు దినాలు దుకాణం మూసుకుండు పాపం. రిపోర్టు రాంగనే కానిస్టేబుల్‌తోని ఓ కాపీ వంపిన."

దుకాణందారు దశరథం రెండు చేతులూ జోడించాడు. యాభై ఏళ్ల మనిషి, నుదుట ఇంత బొట్టు. "సారు దయ మేడం. మల్ల నాలుగు మెతుకులు తింటున్నం."

"ఒక కొర్రమీను తియ్యి. తోలు తీసి ముక్కలు గొట్టియ్యి," అన్నాను.

కిలోన్నర చేపను బయటికి లాగాడు. తల మీద కట్టెతో ఒక్కటిచ్చి, తెరలా కట్టిన ప్లాస్టిక్ పట్టా వెనక్కి పంపాడు. నేను గడియారం చూసుకుంటూ నిలబడ్డాను. జిడ్డు పోయేలా రుద్ది, తోలు ఒలిచి, పొట్ట కడిగి, ముక్కలు కొట్టడానికి ఎంత చేయి తిరిగినవాళ్లకైనా పది నిమిషాలు పడుతుంది. రెండో నిమిషం నిండకుండానే పట్టా సందులోంచి కవరు వచ్చింది. పైన తల ఉంది. కింద తెల్లటి ముక్కలు.

కవరు ముట్టుకోకుండా పట్టా ఎత్తి లోపలికి పోయాను. విజయ్ నా వెనకే వచ్చాడు.

నా కొరమీను తల లేకుండా, ఒంటి మీద తోలుతో అలాగే ఒక గంపలో పడి ఉంది. దాని పక్కన అలాంటివే ఇంకో రెండు. కత్తిపీట ముందు కూర్చున్న వనజ చేయి థర్మకోల్ పెట్టెలో ఉంది. పెట్టెనిండా ఐసు, ఐసు మధ్య ముందే కోసిన తెల్ల ముక్కలు.

"ఏందమ్మా గిది?" అన్నాడు విజయ్. ఆ గొంతు సీఐది కాదు, చేపలు కొనుక్కునే మామూలు మనిషిది. ఆదివారం ఆదివారం ఆయన కూడా ఇక్కడే కొంటాడట, తర్వాత తెలిసింది.

వనజ ఏడుపు అందుకుంది. "నాకేం తెల్వదు సారూ. తల ఇంటోల్లకియ్యి, ఒళ్లు హోటలోల్లకు దీసిపెట్టు అంటడు. చెప్పినట్టు జేస్త. మూడేండ్లాయె."

దశరథం కాళ్ల మీద పడ్డాడు. "చంపాలని చెయ్యలే మేడం. పెంపుడు చేప ముక్కలని సముద్రం దిక్కుకెల్లి పెట్టెలు పంపుతరు. మూడేండ్ల సంది ఎవ్వలికి కడుపునొప్పి గూడ రాలే. నా పిల్లల మీద ఒట్టు."

అప్పుడే ఫోన్ మోగింది. పద్మజ. స్పీకరు ఆన్ చేసి విజయ్ ముందు పెట్టాను.

"మేడం, సాంపిల్ రెండు చదివాను. రెండుసార్లు సరిచూసుకున్నాను. అది కొరమీను కాదు. అసలు మంచినీళ్ల చేపే కాదు. సముద్రంలో ఉంటుంది, పట్టుకుంటే గాలి మింగి బుడ్డలాగా ఉబ్బుతుంది. దాని కాలేయంలో, తోలులో, కొన్ని రకాలకు కండలో కూడా విషం ఉంటుంది. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. ముందు పెదాలు, నాలుక తిమ్మిరెక్కుతాయి. తర్వాత కాళ్లూ చేతులూ, ఆఖరికి ఊపిరి. విరుగుడు లేదు. మిషను మీద ఊపిరి పోసి నిలబెట్టుకోవడమే దారి."

పక్కటెముకలుండవా అని అడిగాను. ఉండవన్నది.

విజయ్ స్టేషనుకు ఫోన్ చేశాడు. "రాధమ్మకు అన్నం పెట్టిండ్రా? పెట్టండి. కోర్టుకు తీస్కపోవుడు లేదు. నేనొచ్చి చెప్త." ఆ మాట చెప్పడానికి ఆయనకు ఎంత కష్టమైందో నాకు కనబడింది. ఈ కేసు చేతికొచ్చినప్పటి నుంచి ఆయన మీద నాకు మొదటిసారి జాలి కలిగింది. గెలిచానన్న సంతోషం కూడా కలిగింది, ఎందుకు దాచాలి?

అది అర నిమిషం కంటే ఎక్కువ నిలవలేదు.

"దశరథం, ఈ పెట్టె ఎన్నటిది?"

"పోయిన వారందే మేడం. శుక్రవారం పొద్దుగాల ఇప్పినం. రాధమ్మకు అండ్లకెల్లే ఇచ్చిన, ఆమెదే మొదటి బేరం. సాయంత్రానికి ముసలామె పాయెనన్నరు. భయమయి ఐసు డబ్బాల దాచిపెట్టిన."

"మరి మల్ల ఎందుకు తీసినవు?"

అతను తల పైకెత్తి తాడుకు వేలాడుతున్న కాగితం వైపు చూశాడు. "చేప మంచిదని రిపోర్టు వచ్చె గద మేడం. సర్కారోల్లే చెప్పినంక నాకేం భయమని పొద్దుగాల తీసిన."

గంపలో తల లేని కొరమీన్లు మూడున్నాయి. ఒకటి నాది. మరి మిగతా రెండు?

"ఇయ్యాల ఈ పెట్టెల ముక్కలు ఎవలెవలికి ఇచ్చినవు?" గంప వైపు చూపిస్తూ అడిగాను.

"మీకు. ఇంకొకలకు ఇద్దామని కోసినం, వాల్లు ఇంక రాలే, కవరు గీడనే ఉంది. ఇగ పొద్దుగాల బస్సు దిగి ఆ పిల్ల..." అంటూ ఆగాడు. ఆగి నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

"ఏ పిల్ల?"

"రజిత. ముందుగాల వద్దన్నది. రిపోర్టు సదివి, చేప మంచిదేనన్నట్టు అని తీసుకున్నది. నాయిన లేసి కూసుండు, కొర్రమీను చారు కాస్త, బలమొస్తది అన్నది."

చారు. మా ఇంట్లో చారంటే చింతపండు నీళ్లు, పోపు. అంతకు మించి ఏదీ నా తలకు తట్టలేదు. ఇంటి వెనక ముక్కు పగిలే చేప వాసన కుప్పలోంచి రాలేదు, పొయ్యి మీంచి వచ్చింది. ఆ క్యారియర్ నా చేత్తో జీపులో పెట్టాను.

పన్నెండు యాభై ఎనిమిది. ఏసురత్నానికి ఫోన్ చేస్తే పన్నెండుంబావుకే దించానన్నాడు. డీజిలు పోయించుకుని తిరిగి వస్తున్నాడట, సగం దారిలో ఉన్నాడట. రజిత నంబరు కలిపాను. ఐదుసార్లు మోగింది.

"మేడం, అమ్మను ఇడిసిండ్రా?"

"ఇడిసిండ్రు. రజితా, నాయినకు ఆ చారు పెట్టకు. వింటున్నవా?"

"పెట్టిన గద మేడం. ఆరు దినాలకు నోట్ల ముద్ద పడ్డది. రెండు ముక్కలు తిన్నడు. ముల్లే లేదు, ఎంత మంచిగుందో." ఆ పిల్ల నవ్వింది. "నువ్వు గూడ తిను అని సైగ జేసిండు. పొద్దటి సంది ఏం తినలే గద, ఇద్దరం ఒక్క గిన్నెలనే తిన్నం."

"డాక్టరును పిలువు బిడ్డా. ఇప్పుడే. ఫోన్ ఆయన చేతికియ్యి."

"ఏమైంది మేడం? నాకు జర కారం ఎక్కువైనట్టుంది, పెదాలు చురచుర అంటున్నయి. నాయిన గూడ పెదాలు రుద్దుకుంటుండు. అంతే, ఇంకేం లేదు."

విజయ్ అప్పటికే బండి స్టార్టు చేశాడు. గద్వాలకు పాతిక కిలోమీటర్లు. రజిత వరండాలో డాక్టరు కోసం కేకేస్తూ పరుగెత్తడం ఫోన్లో వినబడుతోంది. ఆ దవాఖానలో గాలి మిషను ఒకటే ఉంది.